పలనాటి వీరకథలో ఆత్మమోహము

పాశ్చాత్య మనస్తత్త్వశాస్త్రమున ‘నార్సిసిజము’ అనబడు లక్షణమును మేమిచట ‘ఆత్మమోహము’ అని వ్యవహరించుచున్నాము. నీటిలోని తన నీడనే వలచి నశించిన గ్రీకు యువకుని పేర ఏర్పడిన మాట యిది. ఫ్రాయిడు 1914లో దీనిపై ప్రత్యేకవ్యాసము వెలువరించెను. దీని తీవ్రరూపమును అమెరికా మనోవైద్యసంఘము 1980లో వ్యక్తిత్వరుగ్మతగా తన వర్గీకరణమున చేర్చినది. 2013 నాటి కూర్పు తొమ్మిది లక్షణములు చెప్పి, వానిలో కనీసము అయిదుండవలెనని నియమించినది. తన్ను అధికునిగా ఎంచుకొనుట, ప్రశంసకై తపించుట, ప్రత్యేకాధికారము తనకు సహజమనుకొనుట, ఇతరులను పనిముట్లుగా వాడుకొనుట, వారి బాధను గుర్తింపకుండుట వానిలో ముఖ్యములు.

ఇవి కొద్దిపాటిగా అందరియందును ఉండును. అట్లయిన అభిమానమునకును ఆత్మమోహమునకును భేదమెక్కడ? పలనాటి వీరకథలోని రెండు ఘట్టములు దీనిని తెలుపును.

కోడిపోరులో ఓడిన మాచర్ల పక్షమువారు ఏడేండ్లు వలసయుండి గడువు తీర్చిరి. గురజాల ప్రభువు నలగామరాజు వారి రాజ్యము మరల నీయలేదు. ఒప్పందము ఎదుటివారిని మాత్రమే బంధించుననుకొనుట ఆత్మమోహమునకు తొలి గుర్తు. రాయబారియై వచ్చిన అలరాజు నలగామునకు స్వయముగా అల్లుడు. అతడు నాయకురాలి పన్నాగమున విషప్రయోగమునకు గురియై మరణింపగా, భార్య పేరిందేవి సహగమనము చేసెనని కథ. అల్లుని దూతధర్మమును గాని, ఆడపడుచు పసుపుకుంకుమలను గాని ఆ కొలువు లెక్కింపలేదు.

బాలచంద్రునియందును గర్వము మెండు. అయినను అతడు అనపోతును చావునుండి తప్పింపనెంచి, మిషపెట్టి యుద్ధమార్గమునుండి వెనుకకు పంపెను. నిజమెరిగిన అనపోతు ప్రాణములు విడిచెను. ఇది ఆత్మమోహము కాదు, మిత్రునిపై ప్రీతియే. కాని మిత్రుని అభిమతము నడుగని ప్రీతియు కీడు చేయగలదని యిందు తెలియుచున్నది. గర్వ మెంత యున్నదని కాక, ఎదుటివాని మనస్సునకు చోటున్నదా యని చూచుటయే సరియైన పరీక్ష.

పరిశోధకు లొక జాగ్రత్త వహింపవలెను. రుగ్మతానిర్ణయము దీర్ఘకాలప్రవర్తనమును పరిశీలించిన వైద్యుని పని. ఈ కథ కారెంపూడి వీరుల నారాధించి పాడు వీరవిద్యావంతుల నోట నిలిచినది. నాయకురాలి అంతరంగమునకు అందు సాక్ష్య మల్పము. ఆమెకు రోగనామము తగిలించుట విమర్శ కాజాలదు.

నిత్యజీవితమునను ఇంతే. బంధువునకో, సహాధ్యాపకునకో రోగనామము పెట్టుటకంటె, అతని మాట అతనినే బంధించుచున్నదా, మన బాధ అతనికి చేరుచున్నదా యని గమనింపవలెను. పలుమారు చేరనిచో, మన హద్దులు మనమే స్పష్టముగా చెప్పి నిలుపుకొనుట యుక్తము.