తేనెటీగ వేషంలో ఈగ

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వెళ్లే రహదారిలో గుండుగొలను ఉన్నది. ఊరి పేరు చివర నిలిచినది ‘కొలను’ శబ్దమే. పరుషమైన కకారం సరళమైన గకారంగా మారినది. ఊరికి దక్షిణాన కొల్లేటి వైపు పల్లపు నేలలు, మురుగు కాలువలు, చేపల చెరువులు. ఉత్తరాన మెట్ట పొలాలు. సిర్ఫిడ్ ఈగల జీవితాన్ని తెలుసుకోవడానికి ఇటువంటి సీమ ఎంతో అనువైనది. ఆ కుటుంబంలో ఒక శాఖ మురుగునీటిలో పెరుగుతుంది. మరొక శాఖ పైరు మీద పెరుగుతుంది.

గట్టున పూసిన పూల దగ్గర పసుపు, నలుపు చారల కీటకం ఒకటి గాలిలో కదలక నిలుస్తుంది. చేయి కదిపితే చటుక్కున పక్కకు జరిగి, మరుక్షణం మళ్లీ అక్కడికే వస్తుంది. చూచినవారు తేనెటీగ అనో, కందిరీగ అనో జంకుతారు. కాని దానికి కొండి లేదు. కుట్టలేని ప్రాణి కుట్టే ప్రాణిని పోలి ఉండి పక్షుల బారి నుండి తప్పించుకొంటుంది. ఈ విధమైన అనుకరణను అమెజాన్ అడవుల సీతాకోకచిలుకల ఆధారంగా హెన్రీ వాల్టర్ బేట్స్ 1862లో వివరించాడు. పక్షి మోసపోయినా, నిదానించి చూచే మనిషి మోసపోనవసరం లేదు. తేనెటీగకు రెండు జతల రెక్కలు. దీనికి ఒకే జత. వెనుక జత ఉండవలసిన చోట గుండుసూది తలల వంటి చిన్న బొడిపెలు ఉంటాయి. ఎగిరేటప్పుడు తూకం నిలిపేవి అవే. స్పర్శశృంగాలు కూడా పొట్టివి.

లిన్నేయస్ 1758లో వీటిని ఇంటి ఈగతో కలిపి ‘మస్కా’ ప్రజాతిలోనే చేర్చాడు. 1802లో లాత్రెయ్ వీటిని ప్రత్యేక కుటుంబంగా గుర్తించాడు. భారతదేశపు జాతులను బ్రూనెట్టి 1923లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో వర్ణించాడు. ప్రపంచమంతటా సుమారు 6,000 జాతులు తెలిసి ఉన్నాయి. వీటిని నేడు నాలుగు ఉపకుటుంబాలుగా విభజిస్తారు: సిర్ఫినే, ఎరిస్టాలినే, మైక్రోడాంటినే, పిపిజినే. ఈ విభజన తేలికగా తేలినది కాదు. పిపిజినే ఈగలు రూపంలో ఎరిస్టాలినేను పోలి ఉంటాయి. వాటి డింభకాల ఆహారం మాత్రం సిర్ఫినే వంటిది. జన్యు పరిశీలనల అనంతరం 2015లో వాటికి ప్రత్యేక స్థానం లభించినది. ఇక చీమల పుట్టలలో పెరిగే మైక్రోడాంటినే డింభకాలను 19వ శతాబ్దంలో కొందరు పండితులు నత్తల వర్గపు జీవులనే భావించి పేర్లు కూడా పెట్టారు!

ఎరిస్టాలినేలో పలు జాతులకు నిలువనీరే పుట్టిల్లు. డింభకం కుళ్లిన ఆకుల నడుమ మునిగి ఉండి, ఎలుక తోక వంటి సన్నని గొట్టాన్ని నీటి పైకి చాచి గాలి పీలుస్తుంది. నీటి లోతును బట్టి ఆ గొట్టం సాగుతుంది, ముడుచుకొంటుంది. కుళ్లుతున్న పదార్థాన్ని, అందులోని సూక్ష్మజీవులను తిని పెరిగి, ఆ పిదప ఒడ్డున పొడినేలకు చేరి ప్యూపాగా మారుతుంది. చచ్చిన ఎద్దు కళేబరం నుండి తేనెటీగలు పుడతాయని ప్రాచీన గ్రీకులు, రోమనులు నమ్మేవారు. ఆ కుళ్లులో పెరిగి బయటికి వచ్చిన ఈ ఈగలే వారిని భ్రమింపజేసి ఉంటాయని ఓస్టెన్ సాకెన్ 19వ శతాబ్దం చివర నిరూపింపజూచాడు.

కనుక ఈ డింభకం ఉన్నంత మాత్రాన నీరు శుభ్రమైనదని అనుకోరాదు. అయినా ఈ ఈగకు మురుగు ఒక్కటే చాలదు. రెక్కలు వచ్చిన పిదప దానికి మకరందం, పుప్పొడి కావాలి. 1999లో అభయారణ్యంగానూ, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగానూ గుర్తింపు పొందిన కొల్లేరులో 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. ఆ సరస్సు చర్చలలో పక్షుల మాట వినిపించినంతగా గట్టు మీది పూలమొక్కల మాట వినిపించదు.

మెట్ట పొలాలలో కథ వేరు. అక్కడ సిర్ఫినే ఈగ, ఉదాహరణకు ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్, పేనుబంక పట్టిన చిక్కుడు, అలసంద, మొక్కజొన్న మొక్కలను వెదకి, పేనుబంక గుంపుల పక్కనే తెల్లని గుడ్లు పెడుతుంది. వాటి నుండి వచ్చే డింభకానికి కాళ్లు లేవు, చూపు లేదు. తలను అటూ ఇటూ ఆడిస్తూ తడుముకొని, తగిలిన పేనును పైకెత్తి రసం పీల్చి తొక్కను విడిచిపెడుతుంది. ప్యూపా దశకు చేరేలోపు ఒక్కొక్కటి వందల కొద్దీ పేనులను తినగలదు.

రైతుకు చిక్కు ఇక్కడే వస్తున్నది. ఆకు మీద పాకే ఆ పచ్చని పురుగును చూచి, పంటను తినే పురుగే అనుకొని మందు చల్లడం జరుగుతున్నది. విషానికి మేలు చేసేది, కీడు చేసేది అనే భేదం లేదు. పేనుబంక సంయోగం లేకుండానే పిల్లలను కంటుంది. మిగిలిన నాలుగైదింటితోనే కొద్ది రోజులలో మళ్లీ కొమ్మ నిండుతుంది. ఈగ అలా కాదు. జతకట్టాలి, గుడ్డు పెట్టాలి, డింభకం పెరగాలి, ప్యూపా విచ్చుకోవాలి. అంతవరకు పేనుబంకకు అడ్డు తగ్గుతుంది.

మందు డబ్బా ఎత్తక ముందు ఆకును తిప్పి చూస్తే గుర్తు దొరుకుతుంది. పంటను కొరికే పురుగు ఉన్న ఆకుకు చిల్లులు ఉంటాయి. సిర్ఫిడ్ డింభకం ఉన్న ఆకుకు చిల్లులు పడవు. దాని చుట్టూ రసం ఇంకిపోయిన పేనుల తొక్కలు ముడుచుకొని పడి ఉంటాయి.