మూత్రాశయ కణితి: ఆపరేషన్‌కు ముందు ఎం.ఆర్.ఐ. ఏమి చెబుతుంది?

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే చాలామంది "వేడి చేసింది" అనుకుని బార్లీ నీళ్లు తాగి ఊరుకుంటారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గిపోతుంది కూడా. తగ్గినా సరే, వెంటనే పరీక్ష చేయించుకోండి. మూత్రాశయ క్యాన్సర్ తరచుగా ఇలాగే మొదట బయటపడుతుంది. బీడీ, సిగరెట్ తాగేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

కణితి కనబడినప్పుడు డాక్టర్లుగా మేము రెండు సంగతులు తెలుసుకోవాలి. అది లోపలి పొరలోనే ఉందా, కండరంలోకి దిగిందా? దాని స్వభావం నెమ్మదైనదా, దూకుడైనదా? ఈ స్వభావాన్నే గ్రేడ్ అంటాము. లో గ్రేడ్ కణితి మళ్లీ మళ్లీ వచ్చినా లోతుకు దిగడం అరుదు. హై గ్రేడ్ అయితే ఆలస్యం పనికిరాదు.

ఎం.ఆర్.ఐ.లో డిఫ్యూజన్ అనే పద్ధతి ఉంది. మన శరీరంలో నీటి అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. ఖాళీ వీధిలో మనిషి సులువుగా నడుస్తాడు, సంతలో జనం మధ్య అడుగు వేయడమే కష్టం. హై గ్రేడ్ కణితిలో కణాలు అలాగే కిక్కిరిసి ఉంటాయి కనుక నీటి కదలిక తగ్గుతుంది. ఆ కదలికను కొలిచి ఏ.డి.సి. అనే అంకెగా చూపిస్తారు. అంకె తక్కువగా ఉంటే హై గ్రేడ్ అని అనుమానిస్తాము.

"అంకె బాగానే ఉంది కదండీ, ఇక ఆపరేషన్ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. ఇక్కడే జాగ్రత్తపడాలి. రెండు గ్రేడుల అంకెలు కొంతవరకు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. యంత్రాన్ని బట్టి కూడా తేడా వస్తుంది, చిన్న కణితిని సరిగా కొలవడం కష్టం. అందుచేత పొట్ట కోయకుండా మూత్రమార్గం గుండా కణితిని తీసి, ఆ ముక్కను మైక్రోస్కోపు కింద చూసి చెప్పేదే ఖాయమైన మాట. ఈ ఆపరేషన్ పరీక్షా అవుతుంది, చికిత్సా అవుతుంది. స్కాన్ రిపోర్టు చూసి దీన్ని మానుకోవద్దు.

మరి ఎం.ఆర్.ఐ. వల్ల లాభం? ముఖ్యంగా లోతు తెలుస్తుంది. 2018లో వచ్చిన వైరాడ్స్ పద్ధతిలో 1 నుండి 5 వరకు మార్కు వేస్తారు; 4 లేదా 5 వస్తే కండరంలోకి దిగి ఉండవచ్చని ముందే సిద్ధపడవచ్చు. అయితే ఇది అందరికీ అవసరం లేదు, ఖర్చు కూడా ఎక్కువే.

తీయించేటట్లయితే ఆపరేషన్‌కు ముందే మంచిది. తరువాత తీస్తే వాపు ఏదో, కణితి ఏదో తేల్చడం కష్టం. కనీసం 2 వారాలు ఆగాలి. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. మూత్రాశయం ఒక మోస్తరుగా నిండి ఉండాలి, మరీ బిగబట్టుకోనక్కరలేదు. పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు, కిడ్నీ జబ్బు ఉంటే స్కాన్ గదిలోకి వెళ్లకముందే చెప్పండి.