బిలాస్‌పూర్ మడిలో గోదావరి విత్తనం

ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికి ‘ధాన్ కా కటోరా’, అనగా వడ్ల గిన్నె, అని పేరు. రైల్వే పట్టణంగా ప్రసిద్ధిచెందిన బిలాస్‌పూర్ ఈ వరిసీమలోనిదే. రైలు కొలువులకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా నివసిస్తున్నాయి. తెలుగునాట నుండి ఇచ్చటికి చేరినది మనుషులే కాదు, ఒక వరి విత్తనం కూడా.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి శాస్త్రజ్ఞులు ‘స్వర్ణ’ను రూపొందించారు. 1982లో విడుదలైన ఈ వంగడాన్ని ఛత్తీస్‌గఢ్ రైతులు విరివిగా స్వీకరించారు. పరిమితమైన ఎరువుతోనే మంచి దిగుబడినిచ్చుట దీని విశిష్టత.

అయితే ఒకే విత్తనం అన్ని నేలలకూ సరిపడదు. ఇక్కడి రైతు తన భూమిని భాటా, మటాసి, డోర్సా, కన్హార్ అని విభజించి ఎరుగును. గరపనేలయైన భాటాలో తేమ నిలువదు. అందు త్వరగా పండే రకాలే తగినవి. నల్లరేగడియైన కన్హార్‌లో దీర్ఘకాలిక రకాలు పండుతాయి. స్వర్ణ సుమారు ఐదు నెలల పంట. వానలు ముందుగా వెనుదిరిగిన ఏడు మెరకపొలంలో అది గింజ కట్టక ముందే ఎండిపోవచ్చును. కనుక పాత స్వల్పకాలిక రకాలు అంతరించినచో రైతుకు ప్రత్యామ్నాయం కరవగును.

స్వర్ణకు గల మరొక లోపం, ముంపునకు తాళలేకపోవుట. దీనికి పరిహారం ఒరిస్సాకు చెందిన ఒక పాత దేశవాళీ వరిలో లభించింది. దాని నుండి ఎంపికచేసిన ‘ఎఫ్.ఆర్. 13ఎ’లోని ముంపును తట్టుకొను జన్యువును స్వర్ణలోనికి చేర్చగా ‘స్వర్ణ సబ్-1’ ఏర్పడినది. 2009లో భారతదేశంలో విడుదలైన ఈ రకం సుమారు రెండు వారాలు నీట మునిగినను బ్రతుకగలదు. దిగుబడి తక్కువని విడిచిపెట్టిన విత్తనమే క్రొత్త విత్తనానికి ప్రాణరక్షణ అయినది!

ఈ సత్యాన్ని ముందుగా గుర్తించినవారిలో డాక్టర్ ఆర్.హెచ్. రిచారియా ఒకరు. 1970వ దశకంలో ఆయన రాయపూర్ కేంద్రంగా గ్రామగ్రామం నుండి వేలాది వరి రకాలను సేకరింపజేశారు. నేడు అచ్చటి ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి నమూనాలు భద్రపరచబడి ఉన్నాయి.

కాని శీతల గిడ్డంగిలోని విత్తనం మారుతున్న వాతావరణాన్ని ఎరుగదు. ఏటేటా పొలంలో మొలచినదే దానికి అలవడును. కనుక విత్తన నిధితోపాటు రైతు గాదె కూడా నిండుగా ఉండవలెను. మలేషియా నుండి వచ్చిన మసూరి, గోదావరి తీరపు పరిశోధన, ఒరిస్సా రైతుల దేశవాళీ విత్తనం కలిసి బిలాస్‌పూర్ మడిలో పండుతున్నవి. మన ఆహార భద్రతకు ఈ వైవిధ్యమే పునాది.