సెకనుకు 540 ఫ్రేములు! గ్రాఫిక్స్ కార్డుల్లో ఘనాపాఠీలు

నల్లగొండ నుంచి సుమారు వంద కిలోమీటర్లు. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచీ ఇంచుమించు అంతే. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ ఆడే కుర్రాళ్లు కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం బస్సెక్కి చేరే చోటు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరికీ అది సీటీసీ. అక్కడ అడుగు పొడుగు కార్డులున్నాయి, అరచేతిలో ఇమిడేవీ ఉన్నాయి. పోటీ ఆటకు వీటిలో గెలుపు గుర్రం ఏది? రికార్డులు చూశాక తేల్చుకోండి.

అందరికన్నా పెద్దన్న
జీఫోర్స్ 256. పుట్టింది 1999లో. ప్రపంచంలో తొలి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) అని ఎన్విడియా చాటింది దీన్నే. ఎక్కువ కార్డుల్లో ఉన్న మెమరీ 32 ఎంబీ. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090లో 32 జీబీ. పాతికేళ్లలో వెయ్యి రెట్లు!

కిక్కిరిసిన చిప్పు
5090 చిప్పు వైశాల్యం 750 చదరపు మిల్లీమీటర్లు. అందులో ట్రాన్సిస్టర్లు 9,220 కోట్లు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల జనాభా 75 లక్షల పైచిలుకు. పసిపిల్లలతో సహా తలా పన్నెండు వేలు పంచినా ఇంకా కోట్లలో మిగులుతాయి.

భారీకాయుడు
ఎన్విడియా సొంతంగా తయారుచేసిన 5090 పొడవు 304 మిల్లీమీటర్లు. బడిపిల్లల స్కేలు దీని ముందు చిన్నబోతుంది. ఆసుస్ ఆర్‌ఓజీ ఆస్ట్రల్ 5090 దాన్నీ దాటి 357 మిల్లీమీటర్లకు సాగింది. కొనేముందు క్యాబినెట్ లోపల టేపు పెట్టి కొలవాల్సిందే.

కరెంటు బకాసురుడు
ఇందులోనూ 5090దే కిరీటం: 575 వాట్లు. పాత పాలమూరు జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు. ఒక యూనిట్ పూర్తిగా తిరిగితే 2.6 లక్షల 5090లు నడుస్తాయి. అదే కరెంటుతో 30 వాట్ల జీటీ 1030 కార్డులైతే ఏకంగా 50 లక్షలు!

పొదుపులో మొనగాడు
ఆర్‌టీఎక్స్ 3050లోని 6 జీబీ రకం. వచ్చింది 2024లో, తాగేది జీటీ 1030 కన్నా ఎక్కువే అయినా 70 వాట్లే. విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చే 75 వాట్లే సరిపోతాయి. 5090కి 1,000 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కావాలి. దీనికి 300 చాలు. పాత ఆఫీసు సిస్టమ్‌కు కొత్త ఊపిరి ఇదే.

జనం మెచ్చిన కార్డు
జీటీఎక్స్ 1060. 2016లో వచ్చింది, 1,280 కోర్లు, 120 వాట్లు. ఆటలు అమ్మే స్టీమ్ వేదిక సర్వేలో ఏళ్ల తరబడి మొదటి స్థానం దీనిదే. 2022 చివర్లో దించింది ఎవరు? దీనికన్నా చిన్నదైన జీటీఎక్స్ 1650! కోర్లు 896, వాట్లు 75. 5090కి సెకనుకు 1,792 జీబీల మెమరీ వేగం, 1650కి 128. తేడా సరిగ్గా 14 రెట్లు. అయినా ఎక్కువ సిస్టముల్లో దూరింది చిన్నదే.

తేలికైన ఆట
వాలరంట్. 2020లో విడుదలైనప్పుడు సెకనుకు 144 ఫ్రేములకు తయారీదారు అడిగిన కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. అది 2016 నాటి 75 వాట్ల కార్డు. రెండు లక్షల కార్డు కావాలని ఈ ఆట ఏనాడూ అడగలేదు.

రెప్పపాటులో 54
2023లో ఆసుస్ తెచ్చిన ఆర్‌ఓజీ స్విఫ్ట్ ప్రో మానిటర్ వేగం 540 హెర్ట్జ్. పదోవంతు సెకనులో రెప్ప కొడితే ఆ లోపు 54 ఫ్రేములు మారిపోతాయి. 60 హెర్ట్జ్ తెరపై ఆరే. 60 నుంచి 144కు మారితే ఒక్కో ఫ్రేముకు దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 360 నుంచి 540కి మారితే ఒక్క మిల్లీసెకను కూడా కలిసిరాదు. తొలి మెట్టులోనే లాభమంతా!

మోసపుచ్చే అంకె
ఫ్రేమ్ జనరేషన్. కార్డు ఒక ఫ్రేము నిజంగా గీసి, మూడు దాకా సొంతంగా కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. మీటరులో 240 కనిపిస్తుంది. మౌసు నొక్కుకు స్పందన మాత్రం 60 ఫ్రేముల స్థాయిదే, ఒక్కోసారి ఇంకా నెమ్మది. పోటీ ఆటగాడు దీన్ని ఆపేసి ఆడాలి.

తెరవెనుక మల్లుడు
ప్రాసెసర్. సెట్టింగులు తగ్గించి ఆడే పోటీ ఆటల్లో ముందు చేతులెత్తేసేది చాలాసార్లు ఇదే. ఏఎండీ రైజెన్ 5800ఎక్స్‌లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి అతివేగ మెమరీ) 32 ఎంబీ. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో 96. మూడింతలు! పాత ప్రాసెసర్ పక్కన కొత్త కార్డు పెడితే దాని బలం కొంత పడుకునే ఉంటుంది.

మండే పరీక్ష
5090కి ఎన్విడియా గీసిన గీత 90 డిగ్రీలు. నల్లగొండలో మే నెల ఎండే 45కు చేరుతుంది. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర ఆడే కార్డు, ఫ్యాన్ల వేగం అంతే ఉంటే 40 డిగ్రీల గదిలో 85కు ఎగబాకుతుంది. మన ఎండలకు తక్కువ వాట్లే రక్ష.

కార్డు కొనలేని వేగం
పింగ్, అంటే సంకేతం సర్వర్‌కు పోయి వచ్చే సమయం. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. పాలమూరు నుంచి ముంబై సర్వర్‌కు నేరు దూరం 600 కిలోమీటర్లు. పోయి రావడానికి కనీసం 6 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన కార్డూ దీన్ని తగ్గించలేదు.

బరువైన బహుమతి
2021లో బుకారెస్ట్‌లో జరిగిన డోటా 2 పోటీ ‘ది ఇంటర్నేషనల్’. మొత్తం బహుమతి 4 కోట్ల డాలర్ల పైనే! ఇలాంటి పోటీ ఆటలే ఈ-స్పోర్ట్స్; మన దేశంలో 2022 డిసెంబరులో అవి కేంద్ర క్రీడా శాఖ పరిధిలోకి వచ్చాయి.


  

చౌకైన అప్‌గ్రేడ్
ధర సున్నా! 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 మీదే వదిలేసినవాళ్లు ఎందరో. డిస్‌ప్లే సెట్టింగులో మార్చండి. కేబుల్ మదర్‌బోర్డుకు కాదు, కార్డుకే పెట్టండి. ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే రెండోది జత చేయండి. ఖర్చయ్యేది ఈ ఒక్కదానికే, లాభం మాత్రం ఘనం.

ఇక అసలు విజేత
5090 విడుదల ధర మన దేశంలో 2,14,000 రూపాయలు. 145 వాట్ల ఆర్‌టీఎక్స్ 5060 విడుదల ధర అమెరికాలో 299 డాలర్లే. 1080పీ తెర, 144 హెర్ట్జ్, మంచి ఆరు కోర్ల ప్రాసెసర్, 550 వాట్ల నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్ ఉంటే వాలరంట్‌కూ కౌంటర్ స్ట్రైక్ 2కూ ఆ చిన్న కార్డు ధారాళంగా సరిపోతుంది. ముందు మానిటర్ హెర్ట్జ్ చూడండి, తర్వాత ప్రాసెసర్, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్, చివర్లో కార్డు. ఈ వరస తప్పనివాడికే పెట్టిన ప్రతి రూపాయీ తెరపై కనిపిస్తుంది.