రచ్చబండ మీది మాట, గడప ముందరి మాట

పల్నాటి సీమలోని నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో మగవారు తమలో తాము మాట్లాడుకొనే తెలుగుకూ, ఆడవారి సమక్షంలో మాట్లాడే తెలుగుకూ ఉన్న తేడా సంబోధనలో, సర్వనామంలో, క్రియాపదం చివరి అక్షరంలో, ఆఖరికి గొంతు స్థాయిలో కూడా వినిపిస్తుంది. వరుసలూ హోదాలూ భాషను ఎలా మలుస్తాయో పరిశీలించే సామాజిక భాషాశాస్త్రంలో ఇది బాగా చర్చించిన విషయమే. ఎదుటి శ్రోతే కాక, పక్కనుండి వింటున్నవారు కూడా మాటతీరును మారుస్తారని న్యూజీలాండ్ భాషావేత్త అలన్ బెల్ 1984లో సిద్ధాంతీకరించాడు.

టీకొట్టు దగ్గర ‘ఏందిరా’, ‘ఏం మామా’ అంటూ సాగే సంభాషణ, ఆ వీధిలోని పెద్దామె ఒకరు అటుగా రాగానే ‘ఏందమ్మా, ఎట్టా ఉన్నావు’ అన్న దారికి మళ్లుతుంది. ‘రా’ జారిపోతుంది, తిట్టు ఊతపదమైనచోట మౌనం వస్తుంది. మగవారి మధ్య ‘రా’ చనువుకు గుర్తు, మోటుమాట మగతనానికి గుర్తు. ఇంగ్లండ్‌లోని నార్విచ్ నగరంలో పీటర్ ట్రడ్గిల్ చేసిన పరిశోధన (1972) ప్రకారం, పురుషులు తాము నిజంగా వాడేదానికంటే ఎక్కువ నాటుగా మాట్లాడతామని చెప్పుకున్నారు. పైకి ఒప్పుకోకపోయినా లోలోపల విలువ కట్టే ఈ తత్త్వాన్ని చాటు గౌరవం అనవచ్చు.

తెలుగులో ఈ మార్పుకు వ్యాకరణమే చోటిచ్చింది. సంప్రదాయ వ్యాకరణం పురుషవాచకాలను మహత్తులనీ, స్త్రీవాచకాలను మహతీవాచకాలనీ, తక్కినవాటిని అమహత్తులనీ అంటుంది; బహువచనంలో స్త్రీపురుషులిద్దరూ ‘వచ్చారు’లో కలిసినా, ఏకవచనంలో ‘ఆమె వచ్చింది’ అన్న క్రియ ‘గేదె వచ్చింది’ అన్నదానితో సమానమవుతుంది. అందువల్ల ఎదుట ఉన్నప్పుడు ‘మీరు’, ‘అమ్మా’ అనిపించుకున్న స్త్రీ, మగవారి గుంపులో ఎంతో సులువుగా ‘అది’ అయిపోతుంది. ఆడవారి ముందు దాచిపెట్టే తిట్లలో అధికభాగం తల్లినీ, ఆలినీ, చెల్లినీ కించపరిచేవే కావడం ఇంకా బాధాకరం. చెవిన పడకుండా కాపాడుతున్నామనుకొనే మాటకు గురి ఆ స్త్రీయే.

పైగా ఈ జాగ్రత్త అందరి పట్లా ఒకటిగా లేదు. వదినా మరదళ్లతో సరసానికి వరుస అనుమతిస్తుంది, అత్తగారి ముందు అదే నోరు అణగుతుంది. కానీ మిరపకోతకు వచ్చిన కూలి స్త్రీల ముందు, వారు తమ వరుసకు గానీ హోదాకు గానీ చెందరన్న ధీమాతో, నోరు కట్టుకోని రైతులున్నారు. కాబట్టి ఈ మర్యాదను స్త్రీ పట్ల గౌరవంగా లెక్కించడం తొందరపాటు. అది చాలావరకు కులానికీ, ఇంటిపేరుకూ దక్కుతున్న గౌరవం.

అయితే స్త్రీని ఆమె సొంత హోదాతో పిలవడం ఇక్కడ కొత్తేమీ కాదు. పల్నాటి వీరగాథల్లో గురజాల కొలువులో మంత్రిత్వం నెరపిన నాగమ్మను, ఎన్ని నిందలు మోపినా, ఈ సీమ నేటికీ ‘నాయకురాలు’ అన్న బిరుదుతోనే తలుచుకుంటుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీ పదవుల్లో కనీసం మూడోవంతు స్త్రీలకు కేటాయించింది. మహిళా సర్పంచ్ ఉన్న ఊళ్లో ‘సర్పంచ్ గారూ’ అన్న పిలుపు ఆమెకే చెందాలి, ఆమె భర్తకు కాదు. సభ ముగిసి ఆమె ఇంటికి చేరాక, రచ్చబండ మీద మిగిలిన మగవారి నోట కూడా ‘ఆమె వెళ్లారు’ అన్న మాటే రావాలి.