మందు మానకుండా ఇంకేం చేయవచ్చు?

హిందూపురం నుంచి కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్లు. లేపాక్షి, పెనుకొండ, ధర్మవరం వైపు ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే, బెంగళూరు రైలు ఎక్కేలోపే ఇంట్లో సలహాలు మొదలవుతాయి: నాటుమందు తాగు, తీపి మానెయ్, మంచం దిగకు. నాటుమందు సంగతి తర్వాత చూద్దాం. మిగతా రెండూ చేసే చేటు తక్కువేం కాదు. తీపి మానినంత మాత్రాన గడ్డ ఎండిపోదు. తీపితో పాటు తిండీ తగ్గించి పస్తులుంటే కరిగేది కండ, తగ్గేది కీమోను తట్టుకునే శక్తి. షుగర్ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు గానీ, మిగతావాళ్లకు సంగటి, పప్పు, గుడ్డు, నోరు పూసిన రోజుల్లో చల్లారిన రాగిజావ ఎంతో మేలు. ఇక నడక. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో ముగిసిన 889 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత మూడేళ్లపాటు పట్టుబట్టి వ్యాయామం చేయించారు. రెండో జట్టుకు ఆరోగ్య సలహాల పుస్తకాలు మాత్రమే ఇచ్చారు. 2025లో వెలువడిన ఫలితం ప్రకారం, ఎనిమిదేళ్ల తర్వాత మొదటి జట్టులో సుమారు 90 శాతం, రెండో జట్టులో 83 శాతం బతికున్నారు. ఈ అంకెలు అన్ని క్యాన్సర్లకూ వర్తిస్తాయనలేం. కానీ చికిత్స తెచ్చే నీరసం నడకతో తగ్గుతుందని, నిద్రకూ దిగులుకూ యోగా సాయపడుతుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. జబ్బు ఎముకలకు పాకినవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

ఇక నాటుమందు సంగతి. ఆకుల్లో మందు లేదా అని అడుగుతారు. ఉంది. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే. అయితే దాన్ని శుద్ధి చేసి, మిల్లీగ్రాముల్లో కొలిచి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. కషాయంలో ఆ కొలత ఉండదు, విషం మాత్రం ఉంటుంది. అమెరికాలో యేల్ పరిశోధకులు 2018లో రెండు అధ్యయనాలు ప్రచురించారు. ఆసుపత్రి వైద్యం పూర్తిగా వదిలి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్నవాళ్లకు మరణ ముప్పు రెండున్నర రెట్లు ఉంది. వైద్యం కొంత చేయించుకుంటూ ఇతర పద్ధతులు కలుపుకున్నవాళ్లలోనూ అది రెట్టింపైంది. కారణం వెతికితే, ఆపరేషనో కీమోనో రేడియేషనో వద్దన్నవాళ్లు మిగతా రోగులకంటే వీళ్లలో చాలా ఎక్కువని తేలింది. అంటే ముప్పు చాలావరకు వద్దనడంలోనే ఉంది. అందుకే యోగానూ కషాయాన్నీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. నడక కీమోకు అడ్డురాదు. కొన్ని మూలికలు మాత్రం కాలేయంలో కీమో మందు పనిని మార్చేస్తాయి. ఇప్పటికే ఏదైనా వాడుతుంటే ఆ పొట్లాన్ని బెంగళూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. డాక్టర్లూ దాన్ని ఓపిగ్గా చూడాలి. ఒకసారి కసిరితే, మరోసారి రోగి ఆ పొట్లాన్ని ఇంట్లోనే దాచి వస్తాడు.