ఇరుకు గదిలో ఇంటి యజమాని

పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టించి ఇల్లు చేర్చిన రైతునకు పిమ్మట కావలసినది చోటు. కాడి ఒకవైపున, గోళ మరియొకవైపున పోసికొనుటకై కొట్టములో నడుమ గోడ కట్టించుట కలదు. ఆ గోడ ఎచ్చట లేవవలెనో ముందుగా యోచింపక, కాటా ఉంచి మనుషులు మసలవలసిన గదిని ఇరుకు చేసి, సరకు గదిని మాత్రము విశాలముగా విడిచినచో ఏమగును? సరకునకు చోటు మిగులును. పని మాత్రము నిలిచిపోవును. నేడు మన ఇండ్లలోని కంప్యూటర్లలో పెక్కింటి స్థితి ఇట్లే యున్నది.

నిజామాబాదు జిల్లాలోని మాక్లూరునందును, ఆర్మూరు చుట్టుప్రక్కల గ్రామములందును కంప్యూటరు నేడు వింత వస్తువు కాదు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణి 21 మార్కెట్లతో ఆరంభమైనపుడు నిజామాబాదు మార్కెటు వానిలో ఒకటి. నాటినుండి పసుపు బేరము తెరపైకి ఎక్కినది. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయము నిజామాబాదున వెలసినది. అమ్మకపు చీటీలు, పట్టాదారు పాసుపుస్తకపు నకళ్ళు, గల్ఫు దేశములందున్న కుమారుడు పంపిన ఫోటోలు, పిల్లల పాఠములు అన్నియు ఒక్క పెట్టెలోనికి చేరినవి. ఇట్టి ఇండ్లవారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: “డిస్కు ఐదువందల గిగాబైట్లని చెప్పి అమ్మినారు. ‘డి’లో సగము ఖాళీగనే ఉన్నది. మరి ‘సి’ నిండిపోయినదని ఎర్రగీత ఎందుకు వచ్చుచున్నది?” ఈ ప్రశ్నకు సమాధానమును, చక్కదిద్దు మార్గములను ఇచ్చట వివరింపదలచితిమి.

డిస్కు అనునది ఒక పెద్ద చేను అనుకొందము. దానిని గట్లు వేసి మడులుగా విభజించుట కలదు. ఒక్కొక్క మడిని పార్టిషన్ అందురు, మనము విభాగమందము. విండోస్ అను ఆపరేటింగ్ సిస్టము సాధారణముగా ‘సి’ అను విభాగములో నివసించును. కంప్యూటరునకు అదియే ఇంటి యజమాని. మీట నొక్కగనే మేల్కొని, తెరను, మీటల పలకను, ముద్రణ యంత్రమును, తక్కిన ప్రోగ్రాములను నడపునది అదియే. మనము దాచుకొను పాటలు, ఫోటోలు, లెక్కలు ‘డి’, ‘ఇ’ విభాగములలో ఉండవచ్చును. గట్టుకు ఆవల ఎంత ఖాళీ యున్నను ఈవలి మడికి అది ఉపకరింపదు. ఎర్రగీతకు కారణమిదియే.

ఈ గట్లు వేయు అలవాటు ఎచ్చటినుండి వచ్చినది? 1983లో ఐబీఎం సంస్థవారి పీసీ ఎక్స్‌టీ యంత్రము 10 మెగాబైట్ల డిస్కుతో వెలువడినది. దానికై వచ్చిన డాస్ 2.0 పద్ధతిలో డిస్కును నాలుగు విభాగముల వరకు పంచుటకు వీలు కల్పింపబడినది. అటుపిమ్మట డిస్కులు పెరిగినవి కాని, ఆనాటి ఫైళ్ళ అమరిక ఒక్కొక్క విభాగమును మొదట 32 మెగాబైట్లకును, తరువాత 2 గిగాబైట్లకును మించనిచ్చెడిది కాదు. కావున పెద్ద డిస్కును ముక్కలు చేయుట ఆనాడు అవసరము. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి ఒకటిన్నర గిగాబైటు చాలెను. 20 గిగాబైట్ల ‘సి’ అప్పుడు రాజప్రాసాదము. 2021లో వచ్చిన విండోస్ 11 కనీసము 64 గిగాబైట్ల డిస్కు ఉండవలెనని కోరుచున్నది. అవసరము తీరి ఏండ్లు గడచినను, యంత్రములను కూర్చి అమ్మువారిలో ‘సి’ చిన్నదిగను, ‘డి’, ‘ఇ’, ‘ఎఫ్’లు పెద్దవిగను కోయు అలవాటు చాలకాలము నిలిచెను. యజమాని పెరిగెను, గది పెరుగలేదు.

చోటు చాలనపుడు కలుగు కష్టము కేవలము మందగమనము కాదు. భద్రతకు సంబంధించిన మార్పులు కంపెనీనుండి నెలనెలా వచ్చును. వానిని దింపుకొని, విప్పి, పాతవానిని కొంతకాలము ప్రక్కన ఉంచుకొనుటకు గిగాబైట్ల కొలది ఖాళీ కావలెను. అది లేనిచో మార్పు సగములో విఫలమగును. యంత్రము రక్షణ లేక యుండును. ఇది సామాన్య గృహములకే పరిమితమైన పొరపాటు కాదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్టు సంస్థ విడుదల చేసిన ఒక భద్రతా సవరణ అనేక యంత్రములలో విఫలమైనది. దానికి రికవరీ అను చిన్న విభాగములో 250 మెగాబైట్ల ఖాళీ కావలసి యుండెను. విండోస్ స్వయముగా కోసికొన్న ఆ విభాగములందే అంత చోటు లేకపోయెను. ఆ విభాగమును చేతితో పెంచుకొను విధానమును సంస్థ ప్రకటింపవలసి వచ్చెను.

ఇక చికిత్స. మొదటి సూత్రము చెప్పుటకు ముందు మా పొరపాటు నొకదానిని చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట మాక్లూరు ప్రాంతమున ఒక వృద్ధురాలు పసుపు ఉడుకబెట్టు రోజుల ముచ్చట్లు చెప్పగా మేము రికార్డు చేసితిమి. ఆ శబ్దపు ఫైలును ఎడిటింగునకై తెరమీద కనబడునట్లు, అనగా డెస్క్‌టాప్ మీద, ఉంచితిమి. కొన్ని దినములకు ‘సి’ నిండి యంత్రము మొరాయించెను. బాగుచేయువాడు “సార్, సి-లో ముఖ్యమైనవి ఏమైన ఉన్నవా? ఫార్మాట్ చేయవలె” నని అడిగెను. “అన్నియు డి-లోనే ఉన్నవి, నీవు చేయుమయ్యా” అని మేమే చెప్పితిమి. డెస్క్‌టాప్ అనునది ‘సి’ విభాగములోని ఒక అర యని మాకు స్ఫురింపలేదు. సాయంకాలమునకు యంత్రము చక్కగా నడచెను. ఆ కంఠము మాత్రము లేదు. మరల వెళ్ళుటకు ఆలస్యమైనది. మేము పోవునప్పటికి ఆమె లేరు. బాగుచేసినవాని తప్పు ఇందులో ఏమియు లేదు. అతడు అడిగెను, మేము తెలియక చెప్పితిమి.

కావున మొదటి సూత్రము: గట్టు కదల్చుటకు ముందు ధాన్యము ఇంటికి చేర్చవలెను. విభాగములను ముట్టుకొనుటకు ముందు, ముఖ్యమైనవన్నియు వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను. ‘సి’నుండి ‘డి’కి మార్చుట నకలు కాదు, రెండును ఒకే డిస్కులోనివి. డిస్కు చెడినచో రెండును పోవును. కొట్టములోని అడ్డుగోడ సరకును వేరుచేయును గాని నిప్పును ఆపదు. నకలు తీయునపుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అను నాలుగు అరలను తప్పక చూడవలెను. ఇవి సాధారణముగా ‘సి’లోనే యుండును. నకలు తీసిన పిమ్మట ఆ బయటి డిస్కును మరియొక యంత్రమునకు తగిలించి, నాలుగైదు ఫైళ్ళు తెరచి చూచినగాని పని ముగిసినట్లు తలపరాదు.

రెండవది శుభ్రపరచుట. సెట్టింగులలో స్టోరేజి అను చోట ఏది ఎంత ఆక్రమించినదో పట్టికగా కనబడును. డిస్క్ క్లీనప్ అను సాధనముచే తాత్కాలిక ఫైళ్ళను, పాత విండోస్ అవశేషములను తొలగింపవచ్చును. ఒక్కొకప్పుడు దీనివలననే పది, ఇరువది గిగాబైట్లు లభించును. డౌన్‌లోడ్స్ అను పేరు ఆ జాబితాలో ఉన్నచో గుర్తు పెట్టుటకు ముందు ఆలోచింపవలెను. అందు మనకు కావలసినవి ఉండవచ్చును. యంత్రమును గాఢనిద్రకు పంపు హైబర్నేషన్ అను సదుపాయమునకై ఒక పెద్ద ఫైలు ‘సి’లో దాగియుండును. 8 గిగాబైట్ల ర్యామ్ గల యంత్రములో అది సుమారు 3 గిగాబైట్లుండును. ఆ సదుపాయము అక్కరలేనివారు దానిని ఆపినచో ఫైలు తొలగును. అయితే విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ అను అరలలోనికి చొరబడి చేతితో తుడుచుటయు, వానిని కత్తిరించి ‘డి’లో అంటించుటయు ఎన్నడును చేయరాదు. అది దూలమును కోసి వంటచెరకు చేసికొనుట వంటిది.

మూడవది మకాము మార్పు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అరలపై కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అను చోట క్రొత్త నివాసము చూపినచో అవి ‘డి’కి తరలును, ఇకమీద చేరునవియు అచ్చటికే పోవును. ఒక జాగ్రత్త: ముందుగా ‘డి’లో ఒక్కొక్క దానికి పేరుపెట్టిన అరను సృష్టించి దానిని చూపవలెనే గాని, వట్టి ‘డి’ని చూపరాదు. అట్లు చేసినచో విభాగమంతయు డాక్యుమెంట్స్‌గా మారి, విడదీయుట కష్టమగును. అనేక గృహములలో ఈ మూడు పనులతోనే ఎర్రగీత తొలగును. గట్టు జోలికి పోనక్కరలేదు.

అంతటితో తీరనపుడు గట్టు జరుపవలెను. ఇందొక చిక్కున్నది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ‘సి’ని పెంచవలెనన్నచో, దానికి కుడిప్రక్కన, ఆనుకొని, ఎవరికిని చెందని చోటుండవలెను. ‘డి’ని కుదించి చోటు తెత్తమన్నచో, ఆ సాధనము ‘డి’ చివరిభాగమునే విడుచును. ‘సి’కిని ఆ ఖాళీకిని నడుమ ‘డి’ అడ్డముగా నిలుచును. ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అను మాట మసకబారి, నొక్కినను పలుకదు. పొరుగు చేను అవతలి గట్టున ఎకరము విడిచినంత మాత్రమున మన చేను పెరుగదు కదా! ‘సి’ ప్రక్కనే రికవరీ విభాగము ఉన్నను ఇదే అడ్డంకి.

దీనికి సురక్షితమైన మార్గము, ‘డి’లోనివన్నియు బయటి డిస్కుకు చేర్చి, సరిచూచి, ‘డి’ని తొలగించి, ఆ చోటులో కావలసినంత ‘సి’కి కలిపి, మిగిలినదానిని మరల ‘డి’గా ఏర్పరచుట. పాత యంత్రములలో ఇంకొక ముడి ఉండవచ్చును. నాలుగు విభాగముల పరిమితిని దాటుటకై ‘డి’, ‘ఇ’, ‘ఎఫ్’లను ఎక్స్‌టెండెడ్ అను ఒక పెద్ద కంచెలోపల ఉంచెడివారు. అట్టిచోట ‘డి’ని తొలగించినను ఖాళీ కంచెలోపలనే మిగులును, ‘సి’కి అందదు. లోపలివన్నియు తొలగించి కంచెను ఎత్తివేయవలెను, లేదా దానిని కుదింపగల వేరు సాధనము కావలెను.

అట్టి సాధనము జీపార్టెడ్. ఇది ఉచితమైనది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. పెన్‌డ్రైవులోనుండి నడచును, కావున యజమాని నిద్రలో నుండగనే గోడ జరుపవచ్చును. ‘డి’ ఎడమ అంచును కుడివైపునకు జరిపి, ‘సి’ని అంతమేర పెంచవచ్చును. కాని ఇట్లు జరుపునపుడు ‘డి’లోని సమాచారమంతయు ఒకచోటినుండి మరియొకచోటికి తిరిగి వ్రాయబడును. గంటలు పట్టవచ్చును. నడుమ కరెంటు పోయినచో సమాచారము చెడును. లాప్‌టాపునకు బ్యాటరీ నిండుగా ఉండి ఛార్జరు తగిలించి యుండవలెను. మేజాబల్ల యంత్రమునకు యూపీఎస్ ఉండవలెను. గాలివానల సాయంకాలములు ఈ పనికి తగవు. మొదలిడుటకు ముందు విండోస్‌ను పూర్తిగా మూసివేయవలెను. ఫాస్ట్ స్టార్టప్ ఆన్ అయి యున్నచో అది సగము నిద్రయే. బిట్‌లాకర్ తాళము వేసియున్నచో ముందుగా దానిని పూర్తిగా తీసివేయవలెను. దాని తాళపు సంఖ్యను కాగితముపై వ్రాసి దాచుకొనవలెను.

లినక్సు వాడుకరులకును ఈ బాధ తప్పదు. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేయు లినక్సు వ్యవస్థను రూపొందించిన తరువాత మన విద్యార్థులు పలువురు దీనిని పరిచయము చేసికొన్నారు. విండోస్ ప్రక్కన చోటు చాలదని భయపడి పది గిగాబైట్లు మాత్రమే ఇచ్చుట సామాన్యమైన పొరపాటు. ఉబుంటువారు 25 గిగాబైట్లు కోరుచున్నారు. ఇచ్చట మొదట పాత కెర్నెళ్ళను ఆటోరిమూవ్ ఆజ్ఞచేతను, దింపిన ప్యాకేజీల నకళ్ళను క్లీన్ ఆజ్ఞచేతను తొలగించి చూడవలెను. ఎల్‌వీఎం అను పద్ధతిలో స్థాపించినవారికి ఆనుకొనియుండవలెనన్న నియమమే లేదు. డిస్కులో ఎచ్చట ఖాళీ ఉన్నను చేర్చుకొనవచ్చును.

మొత్తము డిస్కే 32 గిగాబైట్లయిన చిన్న లాప్‌టాపులలో ఏ గట్టును జరిపినను ప్రయోజనము లేదు. ఇతర యంత్రములలో పాత డిస్కు బదులు ఎస్ఎస్‌డీని అమర్చి, దానిలోనికి యథాతథముగా నకలు చేయుటయో, క్రొత్తగా స్థాపించుటయో మేలు. విండోస్ 10కి సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి గనుక, మార్పు తలపెట్టువారు ఆ లెక్కయు చూచుకొనవలెను. క్రొత్తగా స్థాపించునపుడు ‘సి’కి 120 గిగాబైట్లకు తక్కువ ఈయకుండుట మంచిది. 256 గిగాబైట్ల ఎస్ఎస్‌డీని అసలు ముక్కలు చేయకుండుటయే సుఖము.

యంత్రము మరల కొనవచ్చును; విండోస్ మరల వేయవచ్చును. కుమారుని ఫోటో, అమ్మకపు చీటీ, వృద్ధురాలి కంఠము మరల రావు. బాగుచేయువాడు “ఫార్మాట్ చేయవలెనా?” అని అడిగినపుడు వెంటనే తల ఊపక, “కొంచెము ఆగుము నాయనా, డెస్క్‌టాప్ ఒకసారి చూచుకొందును” అనుడు. ఆ ఒక్క మాట మేము ఆనాడు అనియుండవలసినది.